ఎనిమిది కుర్చీలు, నూట పది మంది

రామెన్ కొట్టు ముందు క్యూ ఉందే, అంత గొప్ప వరం ఈ మానవజాతికి మరొకటి లేదు!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. మా టోక్యోలో రామెన్ కొట్లు, అంటే వేడి పులుసులో నూడుల్స్ వేసిచ్చే కొట్లు, ఎన్నున్నాయో సరిగ్గా చెప్పగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. రైలు దిగగానే ఒకటి, సందు తిరగ్గానే రెండు, చెప్పుల కొట్టు మూతపడితే ఆ చోట మూడోది. వీటిలో ఏది మంచిదో ఎలా తెలుసుకోవడం? వాసన బట్టా? వాసన అన్ని కొట్ల నుంచీ వస్తుంది. తిని చూసా? తిన్నాక బాగోలేదని తేలితే, కడుపులోంచి తీసి తిరిగి ఇచ్చేయగలమా?

క్యూ ఉంటే ఆ బాధ లేదు. ఎక్కడ క్యూ ఉందో అక్కడ రుచి ఉంది. ఆ క్యూ ఎందుకుంది? జనం నిలబడ్డారు కాబట్టి. జనం ఎందుకు నిలబడ్డారు? క్యూ ఉంది కాబట్టి. ఇంత తిరుగులేని తర్కం మరే శాస్త్రంలోనైనా ఉంటే చూపించండి, ఈ కాలమ్ రాయడం మానేస్తాను!

ఈ చిన్న సత్యం తెలియక ఒక పెద్దమనిషి ఎన్ని అవస్థలు పడ్డాడో చెబుతాను, వినండి.

ఆయన పేరు మురకోషి షిగెయుకి. మా మేడ కింది వాటాలో ఉంటారు. యాభై ఆరేళ్ళ మనిషి. పియానోలకు శృతి చేయడం ఆయన వృత్తి. పొద్దున్నే పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరతారు. ఇవాళ ఒక పేటలో కాన్వెంటు పియానో, రేపు ఇంకో పేటలో పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురు వదిలేసిన పియానో. అలా ముప్ఫై ఏళ్ళుగా ఊరంతా తిరిగారు. తిరిగిన ప్రతి చోటా మధ్యాహ్నం భోజనానికి రామెన్ తిన్నారు.

మరి మంచి కొట్టు ఎలా కనిపెట్టేవారనుకుంటున్నారు? ఫోన్‌లో చూసా? కాదు. చెవులతో!

కొట్టు బయట నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ అర నిమిషం వింటారు. లోపల కబుర్లు వినిపిస్తే వెళ్ళరు. టీవీ వినిపిస్తే అసలు ఆగరు. నూడుల్స్ జుర్రుకునే చప్పుడు మాత్రమే, అది కూడా ఆగకుండా వినిపించాలి. ఆఖర్న ఎవరో గిన్నె ఎత్తి పులుసంతా తాగేసి "హా..." అని ఊపిరి వదలాలి. ఆ "హా" వినపడిందా, తలుపు జరిపి లోపలికి వెళ్ళి కూర్చుంటారు.

"ఊళ్ళో గిన్నెలన్నీ వినపడతాయి ఈయనకి. వంటింట్లోంచి నేను అరిస్తే మాత్రం వినపడదు," అంటారు ఆయన భార్య కునికో గారు.

నేను ఎంత చెప్పానో ఆయనకి! "మురకోషి గారూ, ఇది చెవులు రిక్కించుకుని తిరిగే కాలం కాదండీ. తిన్నవాళ్ళు కొట్లకి నక్షత్రాలిచ్చే యాప్ వచ్చింది. కొన్ని లక్షలమంది నాలుకలు మీ జేబులో ఉంటాయి. మీ సొంత నాలుకని ఎందుకు కష్టపెడతారు?" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఆయన చిన్నగా నవ్వి, "నా నాలుకకి వేరే పనేం లేదండీ, పాపం," అనేవారు.

అలా చెవులనే నమ్ముకుని తిరుగుతుండగా, పదకొండేళ్ళ కిందట, ఓగు పేటలో ట్రాము స్టాపు వెనక సందులో ఒక కొట్టు దొరికింది. అటు సోయాపాల టోఫు అమ్మే కొట్టు, ఇటు పాతకాలపు స్నానశాల, మధ్యలో ఇరుక్కుని ఎనిమిది కుర్చీల కొట్టు. దాని యజమాని పేరు హిరుకవ యసుజి. ఇప్పుడాయనకి అరవై ఎనిమిదేళ్ళు. పులుసు కాచేదీ, నూడుల్స్ ఉడికించేదీ, గిన్నెలు తోమేదీ అన్నీ ఆయనే.

హిరుకవ గారంత మొహమాటస్తుణ్ణి నేనింతవరకూ చూడలేదు. అనుకోని మాట ఎవరైనా అంటే, ఏం జవాబు చెప్పాలో తోచక, ఆ మనిషి వంక చూస్తూ ఉండిపోతారు. పది సెకన్లు, ఒక్కోసారి ఇరవై సెకన్లు. ఈలోగా అడిగినవాళ్ళు సగం భయపడిపోతారు. మనిషి మాత్రం వెన్నపూస.

మురకోషి గారు ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళేవారు. పదకొండేళ్ళలో ఇద్దరూ కలిపి గట్టిగా వంద వాక్యాలు మాట్లాడుకుని ఉండరు. కానీ ఆ మాట్లాడుకున్నవి మాత్రం మామూలు మాటలు కావు.

ఒక గురువారం తినేసి లేస్తూ మురకోషి గారన్నారు: "ఇవాళ పులుసు అర స్వరం దిగిందండీ."

హిరుకవ గారు ఆయన వంక చాలాసేపు చూశారు. తర్వాత గరిటెతో కొంచెం తీసుకుని చప్పరించారు. "నిజమేనండి. నెత్తళ్ళ చేపలు కొత్త సరుకు. ఇంకాస్త ఎండాలి," అన్నారు.

మరుసటి గురువారానికి పులుసు శృతిలో పడింది. మురకోషి గారు గిన్నె ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగి, "హా..." అన్నారు. హిరుకవ గారు అటు తిరిగి నవ్వుకున్నారు. అదీ వాళ్ళ స్నేహం. ఇందులో ఒక్క ఫోటో అయినా ఉందా? ఒక్క నక్షత్రమైనా ఉందా? ఎంత వెనకబడిన జీవితాలో చూడండి!

ఇక కథలోకి వస్తాను. ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక గురువారం కొట్లో ఇద్దరే ఉన్నారు. మురకోషి గారు, స్నానశాల నుంచి వచ్చి తల ఆరబెట్టుకుంటున్న ఒక ముసలావిడ. హిరుకవ గారు గిన్నె అందిస్తూ, తన పొయ్యితో చెబుతున్నట్టుగా అన్నారు:

"వానలు పడేలోగా కట్టేద్దామనుకుంటున్నానండి."

"ఏం కట్టేస్తారండీ?"

"కొట్టే."

మురకోషి గారి చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. "అదేంటండీ, ఎందుకు?"

"రోజూ కుండ నిండా కాస్తానండి. సాయంత్రానికి సగం పారబోస్తాను. పొద్దున్న ఒక్కొక్క నెత్తలికీ తల తీసి, పొట్ట తీసి, బుజ్జగించి వేస్తాను కదా. పారబోసేటప్పుడు వాటి మొహం చూడలేకపోతున్నానండి."

తలలన్నీ ముందే తీసేశాక మొహాలెక్కడివి అని మనలాంటి వాళ్ళం అడుగుతాం. మురకోషి గారు అడగలేదు. ఆ రోజు ఇంటికొచ్చి రాత్రి భోజనం కూడా చేయలేదు. మర్నాడు మా మేడ మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, మందుల షాపులో ఏదో చెప్పుకోలేని మందు అడుగుతున్నట్టు గొంతు తగ్గించి అడిగారు:

"ఆ నక్షత్రాల యాప్‌లో... రాయడం ఎలాగండీ?"

ఆహా! ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చెప్పలేను. దారి తప్పినవాడు దారిలోకి వచ్చాడు! దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పాను. ఆయన నాలుగు సాయంత్రాలు కూర్చుని రాశారు. "పులుసు శుద్ధంగా పలుకుతుంది. నూడుల్స్ బిగువు సరిగ్గా ఉంది. పైన పంది మాంసం ముక్క మంద్రస్థాయిలో నిలబడుతుంది." పేరు రాసే చోట "శృతి" అని పెట్టుకున్నారు. ఐదు నక్షత్రాలు ఇచ్చారు.

వారం గడిచింది. ఆ రివ్యూ ఒక్కరికి నచ్చింది. ఆ ఒక్కరూ నేనే.

అప్పుడు నేనే సలహా ఇచ్చాను. ఆ పాపం నాదే, ఒప్పుకుంటున్నాను. "మరీ ఇంత పొగిడితే యజమాని బావమరిది రాశాడనుకుంటారండీ. ఒక లోపం కూడా రాయండి. అప్పుడు నమ్ముతారు."

"లోపం లేదే!"

"వెతకండి."

ఆయన రెండు రోజులు వెతికారు. అబద్ధం రాయలేని మనిషి. చివరికి తల గోక్కుని ఒక్క వాక్యం చేర్చారు: "ఒకసారి ఉల్లికాడలు ఇంకొంచెం వేయమని అడిగితే యజమాని నా వంక చాలాసేపు చూశారు. తర్వాత వేశారు."

అంతే! ఆ ఒక్క వాక్యం ఊరిని ఊపేసింది.

మొదట ఎవరో ముగ్గురు వచ్చారు. ఉల్లికాడలు అడిగారు. హిరుకవ గారు అలవాటు ప్రకారం ఏం చెప్పాలో తోచక చూశారు. ఆ ముగ్గురూ బయటికొచ్చి, "గుడ్లురిమే వంట మాస్టారు! ఉల్లికాడలు అడిగితే చంపేసేలా చూస్తాడు! ఒళ్ళు జలదరించింది! రామెన్ అద్భుతం!" అని రాశారు. మర్నాటికి పన్నెండు మంది. చెర్రీ పూలు పూసే వేళకి క్యూ స్నానశాల దాటింది. మే నెలలో ట్రాము స్టాపు చేరింది. ఒక పరిశోధకుడైతే రోజుల వారీగా విశ్లేషించాడు కూడా: "మంగళవారం చూపులో లోతు ఎక్కువ. శనివారం చూపు కొంచెం పలచన."

ఇక్కడ నేను క్యూ వల్ల కలిగిన మేలు గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. టోఫు కొట్టు తొమె గారు గుమ్మం ముందు చల్లటి టోఫు అమ్మడం మొదలుపెట్టారు. స్నానశాల వాళ్ళు స్టూళ్ళు వేశారు. ఇంట్లో పెళ్ళాంతో రెండు మాటలు మాట్లాడని మగవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళతో రెండు గంటలు మాట్లాడారు. ఒకాయన మూడు సంపుటాల నవల పూర్తి చేశాడు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ట్రాము స్టాపు దగ్గర పరిచయమై, స్నానశాల దగ్గర ప్రేమించుకుని, టోఫు కొట్టు దగ్గర పోట్లాడుకుని, లోపలికెళ్ళాక చెరో చివరా కూర్చున్నారు. మామూలుగా అయితే ఇంత జీవితం గడపడానికి ఐదారేళ్ళు పట్టదూ?

మరి హిరుకవ గారి సంగతి?

మొదట్లో భయపడ్డారు. ఎనిమిది మంది ఎనిమిది ఫోన్లు ఎత్తి పట్టుకుని ఒక్కసారిగా "ఉల్లికాడలు!" అంటే ఎవరైనా భయపడరూ? నెల తిరిగేసరికి అలవాటైపోయింది. ఎవరైనా ఉల్లికాడలు అడగ్గానే నవ్వుతూ గుప్పెడు వేసేయడం మొదలుపెట్టారు. దాంతో కొత్త చిక్కొచ్చింది. సెండాయ్ నుంచి రైల్లో వచ్చిన ఒకాయన గిన్నె వంకా మాస్టారు వంకా మార్చి మార్చి చూసి, ఏడుపు మొహం పెట్టాడు.

"మాస్టారూ, నా వంక చూడలేదేంటండీ? నేనేం తప్పు చేశాను?"

హిరుకవ గారి మనసు కరిగిపోయింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని అసంతృప్తిగా పంపడమా! ఆ రోజు నుంచి కొట్టు తెరిచే ముందు రోజూ అద్దం ముందు నిలబడి గుడ్లురమడం ప్రాక్టీసు చేసేవారు. ఎవరినీ ఒక్కమాట అనలేని మనిషి, కేవలం మర్యాద కోసం, రోజుకి రెండు వందల మంది మీద గుడ్లురిమారు!

మురకోషి గారు మొదటి గురువారం ఆ క్యూ చూసి సంతోషం పట్టలేక క్యూ మొత్తానికీ వంగి నమస్కారం చేశారు. కొట్టు బతికింది, అంతే చాలు. రెండో గురువారం ఒక గంట నిలబడి, పియానో పనికి ఆలస్యమై, తినకుండానే వెళ్ళిపోయారు. మూడో గురువారం నుంచి పార్కు బెంచీ మీద కూర్చుని అన్నం ముద్దలు తినేవారు.

"పేరంటానికి పిలిచింది మీరేగా! మరి వచ్చినవాళ్ళంతా కూర్చుంటే పిలిచినవాళ్ళు నిలబడాలి," అన్నారు కునికో గారు.

"కొట్టు మూతపడలేదు కదా," అన్నారీయన.

"మరి మొహమెందుకు అలా పెట్టారు?"

ఆ ప్రశ్న ఆయనకి వినపడలేదు. వంటింట్లోంచి కదా వచ్చింది!

జూన్ వచ్చింది. వానలు మొదలయ్యాయి. ఒక గురువారం మురకోషి గారు మధ్యాహ్నం పని వాయిదా వేసుకుని, గొడుగు పట్టుకుని, ట్రాము స్టాపు దగ్గర క్యూ చివర నిలబడ్డారు. ఆయన వెనక ముప్ఫై ఏళ్ళ ఆఫీసు మనిషి ఒకతను వచ్చి చేరాడు. మెడలో కార్డు, కార్డు మీద నుమత అనే పేరు, చేతిలో ఫోను.

"మొదటిసారా బాబాయ్ గారూ?" అన్నాడు నుమత.

"కాదండీ. పదకొండేళ్ళ నుంచీ వస్తున్నాను."

"భలేవారే! పదకొండేళ్ళేంటి? ఈ కొట్టు మొదలైందే మార్చిలో."

"అంతకుముందు కూడా ఉందండీ..."

"యాప్‌లో మొదటి రివ్యూయే ఫిబ్రవరి ఆఖర్లో ఉంది బాబాయ్. అంతకుముందు ఉంటే ఎవరో ఒకరు రాయరూ?" అని నుమత జాలిగా చూశాడు. "సరే, కొత్తవాళ్ళు కదా, నేను చెబుతా వినండి. ఇది 'శృతి' అనే మహానుభావుడు రాసింది. పెద్ద హోటల్లో వంటమాస్టరుగా చేశాడట. ఇప్పుడు కొండల్లో ఎక్కడో ఒంటరిగా ఉంటాడట."

"ఆయన పియానోలు బాగుచేస్తాడేమోనండీ," అన్నారు మురకోషి గారు మెల్లగా.

"అయ్యో, పియానో అంటే పియానో కాదు బాబాయ్! అది సంకేతం. పియానోకి మెట్లెన్ని? ఎనభై ఎనిమిది. అంటే ఆ పులుసులో ఎనభై ఎనిమిది దినుసులున్నాయన్నమాట."

"నాలుగేనండీ. నెత్తళ్ళు, కోడి, సముద్రపు నాచు, ఉల్లి."

"ఎవరు చెప్పారు మీకు?"

"మాస్టారే చెప్పారు."

"మాస్టారికేం తెలుసండీ!" అన్నాడు నుమత.

రెండు గంటల పది నిమిషాల తర్వాత ఇద్దరికీ పక్కపక్క కుర్చీలు దొరికాయి. మురకోషి గారు కూర్చోగానే అలవాటుగా విన్నారు. జుర్రుకునే చప్పుడు లేదు. టిక్కు టిక్కుమని ఫోన్ల చప్పుడు మాత్రమే. గిన్నెల్లోంచి పైకి లేవాల్సిన ఆవిరి, ఫోటోలు పూర్తయ్యేసరికి, లేవడం మానేసింది.

పొయ్యి దగ్గరి నుంచి హిరుకవ గారు తల ఎత్తారు. పాత మనిషిని చూశారు. కళ్ళు మెరిశాయి. కానీ ఏడుగురు చూస్తున్నారు. ఆయన ఊపిరి బిగబట్టి, కనుబొమలు దగ్గరికి తెచ్చి, మురకోషి గారి మీద గుడ్లురిమారు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. గిన్నె పెట్టడానికి వంగినప్పుడు హిరుకవ గారు పెదవులు కదపకుండా అడిగారు:

"సరిపోయిందాండి, మురకోషి గారూ?"

మురకోషి గారికి నవ్వు రాలేదు. తల వంచుకుని చెంచాడు పులుసు నోట్లో పోసుకున్నారు.

చేదు!

అర స్వరం కాదు, రెండు స్వరాలు తప్పింది. మళ్ళీ రుచి చూశారు. అనుమానం లేదు. నెత్తళ్ళకి తలలు తీయకుండా ఉడికిస్తే వచ్చే చేదు అది. చుట్టూ చూశారు. "ఓహో!" అంటున్నారు. "ఆహా!" అంటున్నారు. పక్కన నుమత ఒక చెంచా తాగి కళ్ళు మూసుకుని, "ఐదు!" అన్నాడు.

ఇప్పుడేం చేయాలి? చెప్పాలా? ఎలా చెప్పడం? మూతపడబోయిన కొట్టు నిలబడింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి చెమటలు కక్కుతూ ఇంతమందికి వండుతున్నాడు. ఇంతమంది సంతోషంగా తింటున్నారు. పైగా ఇదంతా తను రాసిన వాక్యం వల్లే. ఒక్కడి నాలుక కోసం వీళ్ళందరి సంతోషం చెడగొట్టాలా? మంచివాడైతే నోరు మూసుకుని వెళ్ళిపోవాలి. మురకోషి గారు అదే అనుకున్నారు. గిన్నె పూర్తి చేశారు, లేచారు, తలుపు దాకా వెళ్ళారు.

పదకొండేళ్ళ అలవాటు చెడ్డది. కాళ్ళు ఆగిపోయాయి.

"ఇవాళ... తలలు తీయలేదాండీ?" అన్నారు.

నుమత చాప్‌స్టిక్స్ జారవిడిచాడు. "బాబాయ్! మాస్టారితో అలాగేనా మాట్లాడేది! అయిపోయారు మీరు!" అంటూనే ఫోన్ ఎత్తాడు. మిగతా ఆరు ఫోన్లూ లేచాయి. చరిత్రలో నిలిచిపోయే చూపు ఇప్పుడు పడబోతోంది!

హిరుకవ గారు గరిటె కింద పెట్టారు. ఆయన కనుబొమలు ముడిపడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తీయలేదండి. తలలు తీసే టైమ్ లేదు. ఏప్రిల్ నుంచీ చేదుగానే ఉంది," అన్నారు. "ఇన్ని వేల మంది తిన్నారండి. అందరూ బ్రహ్మాండం అన్నారు. ఒక్కళ్ళూ చేదని చెప్పలేదు. నా నాలుకే పోయిందేమో అనుకున్నానండి. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. ఆయన నాలుక చాపమని చూసి, బానే ఉందన్నాడు. ఇంటికొచ్చి మళ్ళీ తాగి చూశా. మళ్ళీ చేదే. ఇక ఎవర్ని అడగనండి?"

మురకోషి గారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

హిరుకవ గారు ఏడుగురి వైపూ తిరిగి నడుం వంచారు. "మీరందరూ క్షమించాలి. ఇది నా పులుసు కాదు." పొయ్యి ఆర్పేశారు. కొట్టు తెరిచుందని చెప్పడానికి గుమ్మానికి వేలాడే గుడ్డ తెర తీసి లోపల పెట్టారు. తర్వాత వానలో బయటికి నడిచి, తలుపు దగ్గరి నుంచి ట్రాము స్టాపు దాకా నిలబడ్డ ఒక్కొక్కరి ముందూ ఆగి, ఒక్కొక్కరికీ వంగి, "ఇవాళ లేదండి, క్షమించండి," అని చెప్పుకుంటూ వెళ్ళారు. నూట పది మంది. మురకోషి గారు ఆయన తల మీద గొడుగు పట్టుకుని పక్కనే నడిచారు. తను తడిసి ముద్దయ్యారు.

"నా వల్లే ఇదంతా. ఆ రివ్యూ రాసింది నేనేనండీ," అని స్నానశాల దగ్గర చెప్పేశారు.

హిరుకవ గారు ఆగి ఆయన వంక చూశారు. పది సెకన్లు. ఇరవై సెకన్లు. ముప్ఫై.

"ఉల్లికాడలు ఆ రోజు తక్కువేశానా అండి?" అన్నారు చివరికి.

శుక్రవారం పొద్దున్న మురకోషి గారు పనికి వెళ్ళే ముందు కొట్టుకి వెళ్ళి నెత్తళ్ళ తలలు తీయడానికి కూర్చున్నారు. పియానో తీగలు ముట్టుకునే వేళ్ళు కదా, చకచకా పని చేశాయి. హిరుకవ గారు ఒక నిర్ణయానికి వచ్చారు. తను తీయగలిగినన్ని తలలకే కుండ. ఆ కుండ అయిపోతే ఆ రోజుకి కొట్టు కట్టేయడమే. ఇక గుడ్లురమడం లేదు.

వారం తర్వాత తెర మళ్ళీ వేలాడింది. పులుసు తీగలా మోగింది. ఇక యాప్‌లో ఏమని రాశారో చూడండి!

"మాస్టారిలో మునుపటి కోపం లేదు. రుచి పడిపోయింది." "ఉల్లికాడలు అడిగాను. నవ్వాడు. చాలా బాధ కలిగింది." "చేదులో ఉన్న గాఢత పోయింది, అంతా మామూలు రామెన్ అయిపోయింది. రెండు నక్షత్రాలు."

జూలై వచ్చేసరికి క్యూ స్నానశాల దగ్గరికి తగ్గింది, తర్వాత టోఫు కొట్టు దగ్గరికి, తర్వాత లేనే లేదు. జనం ఎక్కడికీ పోలేదు లెండి. రైల్వే స్టేషన్ వెనక ఒక కొత్త కొట్టు వెలిసింది. అక్కడి మాస్టారు నూడుల్స్ వడకడుతూ వెక్కి వెక్కి ఏడుస్తాడట! మూడు గంటల క్యూ!

అందరూ పోయాక ఏం మిగిలిందంటారా? స్నానశాల ముసలావిడ మిగిలింది. క్యూలో ప్రేమించుకుని పోట్లాడుకున్న జంట మిగిలింది, ఇప్పుడు పక్కపక్కనే కూర్చుంటున్నారు. ఇంకా అలాంటివాళ్ళు ఓ ముప్ఫై మంది. క్యూ పోయిన పదో రోజున నుమత కూడా వచ్చాడు. ఫోను జేబులోంచి తీయలేదు. తల వంచుకుని తిన్నాడు. లేచాక గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించి, పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా అన్నాడు:

"మాస్టారూ... ఇవాళ ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువైనట్టుంది. నాకలా అనిపించింది. తప్పయితే క్షమించండి."

హిరుకవ గారు గరిటెతో తీసి చప్పరించి చూశారు. మొహం వెలిగిపోయింది. "ఎక్కువైందండి!" అన్నారు, ఏదో బహుమతి వచ్చినట్టు. ఆ సాయంత్రం కుండ ఖాళీ అయింది. పారబోయడానికి ఏమీ మిగల్లేదు.

పోయిన గురువారం నేను కూడా మురకోషి గారితో వెళ్ళాను. ఏదో పరిశోధన కోసమే సుమా! నా చేతిలో ఫోన్ లేదన్నది నిజమే, ఇంట్లో మర్చిపోయాను. కొట్లో చివరి కుర్చీ నాకు దక్కింది. ఎనిమిదీ నిండాయి. జుర్రుకునే చప్పుడు తప్ప మాటల్లేవు. నేను గిన్నె ఎత్తి ఆఖరి గుక్క మింగబోతుండగా తలుపు జరిగింది. సూటు వేసుకున్న ఒకాయన తల లోపలికి పెట్టాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట, దిక్కు తోచడం లేదట.

"ఇక్కడ బాగుంటుందాండీ?" అని నన్నే అడిగాడు.

నేను గిన్నె దించాను. మూతి తుడుచుకున్నాను. ఎంతో బాధ్యతగా చెప్పాను:

"మీరే చూడండి, బయట ఒక్క మనిషైనా ఉన్నాడా? బాగుంటే క్యూ ఉండదూ? స్టేషన్ వెనక్కి వెళ్ళండి. మూడు గంటలు నిలబెడతారు. రుచంటే అదీ!"

ఆయన రెండుసార్లు వంగి నమస్కారం చేసి, గబగబా స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

నన్ను స్వార్థపరుడనకండి. ఎనిమిది కుర్చీలూ నిండాక తొమ్మిదో మనిషి వచ్చి బయట నిలబడితే దాన్నేమంటారు? క్యూ అంటారు. అంత మహావరాన్ని మా సందులోనే దాచిపెట్టుకుంటే ఎలా? నలుగురికీ పంచాలి కదా!